పేరు మీద పాట

"ఆమెనే అడుగు. ఇగ ఈ ఇంట్ల అన్నీ ఆమె పేరు మీదనే గద."

సాయిచంద్ ఈ మాట తల్లితో అన్నాడు. సత్తెమ్మ అడిగింది మాత్రం ఇడ్లీలోకి చట్నీ వెయ్యనా, కారప్పొడి వెయ్యనా అని. ఆమె చేతిలో గరిటె గాలిలోనే ఆగింది. ఎదురుగా కూర్చున్న కృష్ణప్రియ మంచినీళ్ళ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయింది. నిన్న వేలం హాలు నుంచి వచ్చినప్పటి నుంచీ మొగుడు ఆమెతో మాట్లాడటం లేదు. చెప్పదలచుకున్నదంతా తల్లి మీదుగా చెబుతున్నాడు, అదీ ఈమెకు బాగా వినపడేట్టు.

"చట్నీ ఎవ్వరి పేరు మీద లేదురా. తింటే తిను, లేకుంటే లే" అంది సత్తెమ్మ.

సాయిచంద్ లేచాడు. లేచినవాడు బయటికి పోకుండా ఫ్రిజ్ తలుపు తీసి, లోపల దేన్నీ ముట్టకుండా మూశాడు. బాల్కనీలో పూలకుండీకి నీళ్ళు పోస్తున్న వెంకటనారాయణకు ఇదంతా వినపడుతూనే ఉంది. కుండీ నిండి, కింది పళ్ళెం నిండి, నీళ్ళు గచ్చు మీదికి పాకుతున్నా పెద్దాయన చెంబు వంచే ఉంచాడు.

"నాన్నా, నీళ్ళు" అన్నాడు సాయిచంద్.

"నాకు కండ్లున్నయి" అన్నాడు వెంకటనారాయణ, చెంబు నిలబెట్టకుండానే.

ఇంతా చేసి ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. గొడవంతా ఒక కారు గురించి. ఆ కారు ఇంకా ఇంటికి రానూ లేదు.

కోకాపేటలో ఒక పెద్ద హాలులో నిన్న ఇటలీ స్పోర్ట్స్ కార్ల వేలం జరిగింది. నగరంలో ఒక శ్రీమంతుడు జీవితమంతా ఏరి ఏరి తెచ్చుకున్న పాత కార్లు అవి. ఆయన పోయాక పిల్లలు అమ్మకానికి పెట్టారు. అందులో ఒక ఎర్ర ఫెరారీ ఉంది. పదో తరగతిలో సాయిచంద్ మంచం పక్క గోడకు అంటించుకున్న బొమ్మ సరిగ్గా దానిదే. కొడుకు ముచ్చట పడుతున్నాడని వెంకటనారాయణ సరేనన్నాడు. "పాట సంగతి నాకిడిసిపెట్టు" అని భరోసా కూడా ఇచ్చాడు.

పాట విషయంలో ఆయనను కాదనేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. వాళ్ళ వీధి వినాయకుడి లడ్డూ పాటలో ఏటా ఆయన గొంతే చివరిదాకా నిలుస్తుంది. ఆ లడ్డూ పాటకు కొన్ని మర్యాదలున్నాయి. పాడేవాడు తన పేరు చెప్పుకోడు, ఇంట్లో ఇంకొకరి పేరు మీద పాడతాడు. మైకులో మోగేది ఆ పేరు, లడ్డూ తినేది ఇంటిల్లిపాదీ. లడ్డూ గెలిచిన ఇల్లు ఆ ఏడు మిగతా వస్తువుల పాటల్లో మళ్ళీ నోరెత్తకుండా కూర్చుంటుంది, పక్కింటివాళ్ళకూ అవకాశం ఉండాలి కదా. వెంకటనారాయణ ఈ మర్యాదలన్నీ మూటగట్టుకుని ఆ ఏసీ హాలులోకి తీసుకుపోయాడు.

ఎర్ర ఫెరారీ వరుసలో చివర్న ఉంది. మధ్యలో ఒక ఆకుపచ్చ లాన్సియా వచ్చింది, చిన్న కారు, ముందు నాలుగు గుండ్రటి లైట్లు. పెద్దాయన చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేదు. సుత్తి పడ్డాక లేచి నిలబడి, లడ్డూ పాటలో నిలబడినట్టే నిలబడి, హాలంతా వినేట్టు "కృష్ణప్రియ పేరు మీద" అన్నాడు. వెనక కూర్చున్న ఆయన పాత దోస్తులు చప్పట్లు కొట్టారు. మైకులో ఆ పేరు మళ్ళీ మోగింది.

ఆ తర్వాత ఎర్ర కారు వచ్చింది. సాయిచంద్ మోచేత్తో పొడిచాడు. తండ్రి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "ఇంటికి ఒక్కటేరా" అన్నాడు. ఆ కారుకు అనుకున్న కనీసపు పాట కూడా రాక, అమ్ముడుపోకుండానే వెనక్కి పోయింది.

లడ్డూ దగ్గర పేరంటే దీవెన. అక్కడ పేరంటే యజమాని. ఈ తేడా ఇంట్లోవాళ్ళకు ఈ ఉదయం వేలం కంపెనీ నుంచి జయంతి అనే అమ్మాయి ఫోన్ చేసినప్పుడుగానీ తెలియలేదు.

"కారు కృష్ణప్రియగారి పేరున నమోదైందండి. ఈ సాయంత్రం లోపు ఆవిడే వచ్చి చూసుకుని సంతకం పెట్టాలండి. నచ్చలేదంటే రెండో పాట పాడిన వారికి వెళ్ళిపోతుంది. అప్పుడు మీరు కావాలంటే ఆ ఎర్ర కారు గురించి మాట్లాడుకోవచ్చండి."

ఫోన్ స్పీకర్‌లో ఉండటం వల్ల అందరూ విన్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఇడ్లీలు చల్లారుతున్నాయి.

కృష్ణప్రియకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది.

ఆమెకు ఆ ఆకుపచ్చ కారు నచ్చలేదు. నచ్చకపోవడం కూడా కాదు, ఆమె దాన్ని చూడనే లేదు. నిన్న వేలానికి ముందు కార్ల మధ్య తిరుగుతున్నంతసేపూ ఆమె ఆఫీసు కాల్‌లో ఉంది. హైటెక్ సిటీలో ఆమె బృందం తయారుచేస్తున్న డబ్బు పంపే యాప్‌లో ఒక బటన్ ఆకుపచ్చగా ఉండాలా నీలంగా ఉండాలా అని ఆదివారం పూట కూడా తెగని చర్చ. వదిలేసిన జుట్టు కింద చెవుల్లో ఇయర్‌బడ్స్ ఎవరికీ కనపడవు. విసిగిపోయి ఒకచోట ఆగి, "ఆకుపచ్చదే ఉంచండి, నాకు అదే నచ్చింది, ఇంక ఫైనల్" అంది. ఆగిన చోట ఎదురుగా లాన్సియా ఉంది. పక్కన మామగారున్నారు.

అబద్ధం ఆడనిదాన్ని అబద్ధంలో ఇంత హాయిగా ఎవరు కూర్చోబెట్టారో ఆమెకు అర్థం కావడం లేదు.

*

పడగ్గదిలో సాయిచంద్ లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు, స్క్రీన్ వెలగలేదు. కృష్ణప్రియ తలుపు దగ్గర నిలబడింది.

"ఆఫీసు లేదా నీకు?" అంది.

"ఉన్నది."

అతనే తలెత్తాడు.

"నిజం చెప్పు. గా ఆకుపచ్చది నీకు అంత నచ్చిందా?"

ఇదే అదను. ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వాక్యం ఈ గదిలో ఆగదు, బాల్కనీ దాకా పోతుంది. అక్కడి నుంచి పాత దోస్తుల దాకా పోతుంది. కోడలు ఫోన్‌లో ఏదో అంటే హాలంతా వినేట్టు లేచి నిలబడ్డ మనిషిగా ఆయన మిగిలిపోతాడు.

"నీకు ఎర్రదాన్ల ఏం నచ్చింది?" అంది బదులుగా. మాట తప్పించడానికే అడిగింది. అడిగాక నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

సాయిచంద్ ఈ ప్రశ్న ఊహించలేదు. "ఏం నచ్చిందంటే... ఎర్రగున్నది" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. అతనికీ వచ్చినట్టుంది, పెదవి బిగించాడు.

"అమ్ముడువోలే గద అది. నువ్వు పోయి నచ్చలేదను, అయిపాయె. ఒక్క మాట. ఎవరిదీ ఏం పోదు."

"మామయ్యకు?"

"నాన్నకు ఏమైతది? ఇంకో కారు వస్తది."

"మరి నీకు? ఎర్రది వస్తే కోపం పోతదా?"

సాయిచంద్ లాప్‌టాప్ మూత కిందికి దించాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"నేను పుట్టిన సంది గా మైకుల నా పేరే వస్తది ప్రియా. చిన్నప్పుడు నేను గణేశుని కాడ నిలవడి గదే వింటుంటి. నిన్న వేరే పేరు వచ్చింది. నాకు అలవాటు లేదు, గంతే."

ఇది విన్నాక ఆమెకు అతని మీద ఉన్న చిరాకంతా కరిగి జాలి మిగిలింది. ముప్పై దాటినవాడు లడ్డూ మైకు కోసం అలిగాడంటే ఎవరైనా నవ్వుతారు. ఆమెకు నవ్వు రాలేదు. నిజం చెబితే ఇతనికి ఆ పేరూ, ఎర్ర కారూ రెండూ తిరిగి దక్కుతాయి. మొగుడికి మేలు చేసే నిజం, మామను చిన్నబుచ్చే నిజం ఒకటే అయి కూర్చుంది.

వంటింట్లో సత్తెమ్మ చల్లారిన ఇడ్లీలను ముక్కలు చేసి పోపు వేస్తోంది.

"గా కార్ల గురించి నాకేం తెల్వది గని, నువ్వేమన్నవే అసలు?" అంది తిరిగి చూడకుండానే. "మీ మామ రాత్రి నుంచి ఒకటే చెప్పుడు. దాని ముంగట నిలవడి ఆకుపచ్చదే నాకు నచ్చింది అన్నదే, నా చెవులార విన్ననే అని."

"అత్తమ్మా, అది..."

"ఇంకో మాట గూడ అన్నడు. ఈ పిల్ల మనింటికొచ్చి ఇన్నేండ్లాయె, చీర తెస్తే మంచిగుంది అంటది, కూర చేస్తే మంచిగుంది అంటది, ఇది నాకు గావాలె అని నోరు తెరిచి ఒక్కటి అడగలే. ఇయ్యాల అన్నది. నేనెట్ల ఊకుంట అన్నడు." ఆవాలు చిటపటమన్నాయి. "ఏం చెప్పబోయినవ్?"

"ఏం లేదత్తమ్మా. పోపు మాడుతున్నది" అంది కృష్ణప్రియ.

గదిలోకి వెళ్ళి ఫోన్‌లో ఆ కారు బొమ్మ తీసింది. పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది. ఆ కారు నచ్చిందని మామ చెబుతున్నాడు, నచ్చలేదని చెప్పమని మొగుడు అంటున్నాడు. తనకేమనిపిస్తోందో మాత్రం తనకే తెలియదు. నిన్న అన్ని కార్ల మధ్య తిరిగి ఒక్కదాన్నీ చూడకుండా వచ్చినందుకు సిగ్గనిపించింది. ఆ సిగ్గు వెనకాలే ఒక కుతూహలం బయల్దేరింది. చీర మంచిగుంది, కూర మంచిగుంది అనడం కాకుండా, తనకు నచ్చడం అంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

"సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే పోదాం" అంది హాల్లోకి వచ్చి. ఇయర్‌బడ్స్ డబ్బాను బల్ల మీదే వదిలేసింది.

*

హాలు వెనక రేకుల షెడ్డులో కార్లన్నీ వరుసగా ఉన్నాయి. అమ్ముడైన వాటి ముందు చిన్న చీటీలు. కూకట్‌పల్లి నుంచి పొద్దున్నే వచ్చి నిలబడే జయంతి చేతిలో కాగితాలతో ఎదురొచ్చింది.

"రండి మేడం. బండి బయట పెట్టించానండి. లోపల ఆవరణలో ఒక చుట్టు తిప్పి చూసుకోవచ్చండి, గేటు దాటకూడదు అంతే. చూసుకున్నాకే సంతకం."

సాయిచంద్ కృష్ణప్రియ హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని షెడ్డులోనే ఆగిపోయాడు. అతని చూపు ఎర్ర కారు మీద కప్పిన గుడ్డ మీదే ఉంది.

కృష్ణప్రియ లాన్సియా చుట్టూ తిరిగింది. ఫోన్‌లో కనిపించినదానికన్నా చిన్నగా ఉంది. పైన సగం అంతా అద్దాలే, స్తంభాలు సన్నగా ఉన్నాయి. ఆకుపచ్చ అంటే యాప్‌లో బటన్ ఆకుపచ్చ కాదు, నానబెట్టిన పెసలు తోలు విడిచేముందు ఉండే రంగు. వెనక బంపరు దగ్గర చిన్న సొట్ట ఉంది. దాన్ని ఎవరూ సరిచేయకుండా వదిలేయడం ఆమెకు ఎందుకో బాగుందనిపించింది.

"కూసో బిడ్డా. నేను నడుపుత, నువ్వు చూడు" అన్నాడు వెంకటనారాయణ. ఆయన అలవాటు ప్రకారం కుడి పక్కకు నడిచాడు. ఆమె అలవాటు ప్రకారం ఎడమ పక్కకు నడిచింది. ఎప్పుడు ఏ కారెక్కినా ఆ ఇంటి ఆడవాళ్ళు ఎక్కేది ఆ తలుపే.

తలుపులు మూసుకున్నాయి. పెద్దాయన చేతులు ముందుకు చాపి, చెక్క పలకను తడిమి, ఆగాడు.

"స్టీరింగేది?"

స్టీరింగ్ కృష్ణప్రియ ఒళ్ళో ఉన్నట్టు ఎదురుగా ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇటలీ బండి గద మామయ్యా. వాళ్ళకు ఇటుపక్క ఉంటది."

"ఓరి వీని" అని నవ్వాడు వెంకటనారాయణ. "నిన్న ఇన్నిసార్లు చూసిన, గిది చూడనే లే." దిగబోయి, మోకాళ్ళు సహకరించక, మళ్ళీ సీటులోకి ఒరిగాడు. "ఇగ దిగుడు నాతోటి గాదు. నువ్వే పోనీ."

ఆమె ఆఫీసుకు రోజూ తన చిన్న కారులోనే పోతుంది. కానీ మామగారు పక్కన ఉండగా ఎన్నడూ నడపలేదు. తాళం తిప్పింది. బండి గొంతు సవరించుకుని, పాదాల కింద వణుకుతూ లేచింది. గేరు కోసం ఎడమ చెయ్యి చాపితే తలుపు తగిలింది. పెద్దాయన నవ్వాడు. కుడి చేత్తో పొడుగాటి గేరు కడ్డీ పట్టుకుని వేసింది. బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది.

షెడ్డు దాటి, చెట్ల వరుస దాటి, గోడ పక్కగా మళ్ళింది. ఇన్ని అద్దాల్లోంచి అవతల కడుతున్న టవర్ల క్రేన్లు, ఆకాశం, వెనక వస్తున్న దుమ్ము అన్నీ ఒకేసారి కనిపిస్తున్నాయి. స్టీరింగ్ బరువుగా ఉంది, చేతులు చెప్పినంతే తిరుగుతోంది. తప్పుదారిన వచ్చి సరైన సీటులో కూర్చున్నట్టు ఆమెకు సంతోషం పొంగింది. మలుపు దగ్గర కావాలనే కాస్త గట్టిగా తొక్కింది.

"మంచిగున్నదా?" అన్నాడు పెద్దాయన, పైన పట్టీ పట్టుకుని.

"మస్తున్నది మామయ్యా." ఈసారి మర్యాదకు అనలేదు.

"నాకైతే గా తెల్ల ఆల్ఫా రోమియో మీద మనసు పడ్డది. టాపు లేదు, గాలి మంచిగొస్తది. సాయిగాడేమో ఎర్రది అనవట్టె. అటో ఇటో అనుకుంట తిరుగుతున్న. గప్పుడే నువ్వు అన్నవ్." ఆయన ముందుకు చూస్తూ చెబుతున్నాడు. "మావి రెండు పోతే పోనీ అనుకున్న."

ఈ మనిషి తన ఇష్టం కూడా వదులుకున్నాడని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. ఇక చెప్పాలి. నిన్న చూడనే లేదని, ఇవాళ నచ్చిందని, రెండూ కలిపి చెప్పాలి. బండిని నెమ్మది చేసి షెడ్డు వైపు తిప్పింది, మాటలు కూర్చుకుంటూ.

"మామయ్యా, మీకొకటి చెప్పాలె..."

షెడ్డు ముందు సాయిచంద్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆపింది. అతను వంగి, ఆమె పక్క అద్దంలోంచి ఫోన్ లోపలికి చాపాడు.

"బ్యాగుల మోగుతనే ఉంది, ఎత్తిన. మీ ఆఫీసు ఉదయ్ భాస్కర్ అట. ఆకుపచ్చది వద్దంటున్నరట వాళ్ళ క్లయింట్లు, నీలం పెట్టాల్నా అని అడుగుతుండు." ఒక్క క్షణం ఆగాడు. "నిన్న కార్ల కాడి నుంచి కాల్‌ల నువ్వే అన్నవంట గద, ఆకుపచ్చదే ఫైనల్ అని. ఏం చెప్పాలె?"

కృష్ణప్రియ మొగుడి మొహంలోకి చూసింది. తెలిసి అడుగుతున్నాడా, ఏమీ తెలియకుండా అడుగుతున్నాడా పోల్చుకోలేకపోయింది. ఫోన్‌లోంచి "మేడం, వినపడుతోందాండి?" అని ఉదయ్ భాస్కర్ గొంతు వస్తోంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. నీలం అంటే ఆఫీసు చిక్కు ఒకటి తీరేది. నోరు మాత్రం తనకు నచ్చినదే చెప్పింది.

"ఆకుపచ్చదే ఉంచమను. నాకు అదే నచ్చింది."

వెంకటనారాయణ పైన పట్టీని వదిలి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఫోన్ వంక చూశాడు, ఆమె చెవి మీద పడ్డ జుట్టు వంక చూశాడు. అవతల జయంతి సంతకం పెట్టాల్సిన కాగితం, పెన్ను పట్టుకుని నవ్వుతూ నడిచి వస్తోంది.

"బిడ్డా" అన్నాడు ఆయన మెల్లగా. "నిన్న గూడ అచ్చం గిదే మాట అన్నవ్. నిన్న నువ్వన్నది ఈ కారును చూసా, ఫోన్లనా?"

కృష్ణప్రియ తాళం వెనక్కి తిప్పి ఇంజను ఆపింది. "నిన్న ఫోన్ల అన్న మామయ్యా, ఇయ్యాల దీన్ని చూసి అంటున్న" అంది, పెన్ను కోసం చెయ్యి బయటికి చాపుతూ.